ఒక్క పట్టీ లాగితే కళ్ళు ముందు, చెయ్యి తర్వాత: మెగెన్‌డోర్ఫర్ కదిలే బొమ్మల లోపలి పని

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 1880ల నాటి జర్మన్ పిల్లల పుస్తకం వీడియో చూశారు. పేజీ అంచున బయటికి కనిపించే ఒక్క కాగితపు పట్టీని లాగితే బొమ్మలో మనిషి కళ్ళు తిప్పుతాడు, కాసేపాగి చెయ్యి ఎత్తుతాడు. లోపల స్ప్రింగు ఉందా? వేసిన లోటార్ మెగెన్‌డోర్ఫర్ ఎవరు? అమ్మమ్మ దోసె తిప్పుతుంటే పిల్లి తోక ఆడించే బొమ్మని అదే పద్ధతిలో ఇంట్లో చెయ్యగలమా? బాగా కుదిరితే 500 కాపీలు వేయించవచ్చా?

స్ప్రింగు లేదు. పేజీలా కనిపించేది నిజానికి రెండు అట్టలు. వాటి మధ్య సన్నటి అట్ట లీవర్లు, వాటిని కలిపే బుల్లి రాగితీగ రివెట్లు ఉంటాయి. అంతే. మీ అమ్మమ్మ బొమ్మ ఇంట్లో చెయ్యవచ్చు, మొదటిసారి చేసేవాళ్ళకి రెండు మూడు రోజుల పని. 500 కాపీలు మాత్రం ఇదే పద్ధతిలో వద్దు. లెక్క కింద ఇచ్చాను, చూస్తే మీకే అర్థమవుతుంది. దానికి వేరే దారి ఉంది, ఆ దారి కూడా ఆయన చూపించిందే.

మెగెన్‌డోర్ఫర్ 1847లో మ్యూనిక్‌లో పుట్టాడు, 1925లో అక్కడే పోయాడు. అక్కడి లలితకళల అకాడమీలో చదువుకున్నాడు. పిల్లల పుస్తకాలకన్నా ముందు ఆయనకి అన్నం పెట్టింది 'ఫ్లీగెండె బ్లెటర్' అనే హాస్యపత్రిక. మ్యూనిక్‌లో బ్రౌన్, ష్నైడర్ అనే ఇద్దరి ప్రచురణ సంస్థ నడిపిన పత్రిక అది. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఆయన బొమ్మలు అంత బాగా కదలడానికి సగం కారణం అక్కడుంది. హాస్యచిత్రం గీసేవాడికి ఒక మనిషి స్వభావాన్ని ఒక్క భంగిమలో పట్టుకోవడం అలవాటు. మెగెన్‌డోర్ఫర్ దాన్ని రెండు భంగిమలు చేశాడు: పట్టీ లాగక ముందు ఒకటి, లాగాక ఒకటి. ఆ రెండిటి మధ్య తేడాలోనే కథ ఉంటుంది.

ఆయన మొదటి కదిలే పుస్తకం 'లేబెండె బిల్డర్', అంటే ప్రాణమున్న బొమ్మలు, 1878లో వచ్చింది. కొడుక్కి క్రిస్మస్ కానుకగా చేసిన బొమ్మ నుంచి అది పుట్టిందని చెబుతారు. తర్వాతి పుస్తకాలు చాలావరకు ఎస్లింగెన్ ఊళ్ళోని జె.ఎఫ్. ష్రైబర్ ప్రచురణ సంస్థ వేసింది. 1889 నుంచి సొంతంగా ఒక హాస్యపత్రిక కూడా నడిపాడు, తర్వాత దాని పేరే 'మెగెన్‌డోర్ఫర్ బ్లెటర్' అయింది. కదిలే పుస్తకాలు చేసేవాళ్ళకి అమెరికాలోని మూవబుల్ బుక్ సొసైటీ 1998 నుంచి ఇస్తున్న బహుమతి ఈయన పేరు మీదే ఉంది.

కదిలే పుస్తకం ఆయన కనిపెట్టింది కాదు. లండన్‌లో డీన్ అనే ప్రచురణకర్తలు అంతకుముందే పట్టీ లాగే బొమ్మలు అమ్మారు. వాటిలో మామూలుగా పట్టీ లాగితే ఒక కదలిక. మెగెన్‌డోర్ఫర్ ఒక్క పట్టీకి ఐదు కదలికల దాకా కట్టాడు. అయితే ఐదు అన్న అంకె కాదు గొప్ప. అవి అన్నీ ఒకేసారి మొదలవ్వవు. పట్టీ ఇంకొంచెం బయటికి వచ్చేదాకా కొన్ని ఆగి ఉంటాయి. మీరు వీడియోలో చూసి స్ప్రింగు అనుకున్నది ఈ ఆలస్యాన్నే. అన్నీ కలిసి ఒక్కసారి కదిలితే బొమ్మ యంత్రంలా ఉంటుంది. కళ్ళు ముందు కదిలి చెయ్యి తర్వాత కదిలితే ఆ మనిషి ఏదో చూసి, అనుకుని, అప్పుడు చేశాడనిపిస్తుంది. మీ బొమ్మలో ఏది వదిలేసినా ఇది మాత్రం వదలొద్దు.

ఇక పని.

ఆలస్యం ఎలా వస్తుంది

లాగే పట్టీకీ లీవరుకీ మధ్య రివెట్ ఉంటుంది. ఆ రివెట్‌కి పట్టీలో గుండ్రటి చిల్లు పెడితే పట్టీ కదిలిన క్షణం నుంచే లీవరు కదులుతుంది. చిల్లుకి బదులు పట్టీ పొడుగునా ఒక కిటికీ కోస్తే, కిటికీ అంచు వచ్చి రివెట్‌కి తగిలేదాకా లీవరు కదలదు. 10 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే 10 మిల్లీమీటర్ల ఆలస్యం. ఇంతే రహస్యం.

ఇందులో ఇంకో మంచి గుణం ఉంది. పట్టీని వెనక్కి తోసేటప్పుడు కూడా కిటికీ రెండో అంచు వచ్చి తగలాలి కాబట్టి, చెయ్యి అప్పుడూ ఆలస్యంగానే కదులుతుంది. లాగినా తోసినా కళ్ళే ముందు, చెయ్యి తర్వాత. సినిమా రీలు వెనక్కి తిప్పినట్టు ఉండదు. పిల్లలు పట్టీని పదిసార్లు లోపలికీ బయటికీ ఆడించినా విసుగు రాకపోవడానికి ఇది పెద్ద కారణం.

మీ బొమ్మకి లెక్క ఇలా వేసుకోండి. పేజీ అడ్డంగా 210, నిలువు 148 మిల్లీమీటర్లు (ఎ5 సైజు). పట్టీ లాగే దూరం 25 మిల్లీమీటర్లు, అంతకన్నా ఎక్కువ వద్దు. చిన్నపిల్లలు ఒక్క ఊపులో లాగుతారు, దూరం పెరిగేకొద్దీ ఆ ఊపుకి పట్టీ చిరుగుతుంది.

కళ్ళు: మొదటి నుంచే కదలాలి, కానీ చాలా తక్కువ, 3 మిల్లీమీటర్లు చాలు. దీనికి ఒక లీవరు తీసుకుని దాని ఇరుసు (అట్టకి బిగించి తిరగనిచ్చే చోటు) నుంచి 40 మిల్లీమీటర్ల దూరంలో పట్టీకి కలపండి. అదే లీవరు మీద ఇరుసు నుంచి 5 మిల్లీమీటర్ల దూరంలో కంటిపాపలు గీసిన సన్న ముక్కని కలపండి. పట్టీ 25 కదిలితే పాపలు 25ని 40తో భాగించి 5తో గుణించినంత, అంటే 3 మిల్లీమీటర్ల పైచిలుకు కదులుతాయి. ముఖంలో కళ్ళ చోట 4 మిల్లీమీటర్ల చిల్లులు కొట్టండి, పాపలు వాటి వెనక జరుగుతాయి.

చెయ్యి: 10 మిల్లీమీటర్ల ఆలస్యం, మిగిలిన 15లో పని. అట్లకాడ పట్టుకున్న చెయ్యీ, వెనకవైపు దాగే తోకభాగమూ కలిపి ఒకే ముక్కగా కోయాలి. భుజం దగ్గర ఇరుసు. ఇరుసు నుంచి తోకభాగంలో 15 మిల్లీమీటర్ల దూరంలో రివెట్. అప్పుడు చెయ్యి 60 డిగ్రీలు తిరుగుతుంది. చెయ్యి పొడుగు 60 మిల్లీమీటర్లయితే అట్లకాడ కొస కూడా 60 మిల్లీమీటర్లు ప్రయాణిస్తుంది, దోసె తిప్పడానికి సరిపోతుంది. అదే తోకభాగాన్ని 30 మిల్లీమీటర్లు పెడితే 29 డిగ్రీలే వస్తుంది. కదలిక చాలకపోతే పట్టీ దూరం పెంచకండి, తోకభాగం తగ్గించండి. కానీ 10 మిల్లీమీటర్ల కన్నా కిందికి తగ్గిస్తే లాగడానికి బలం ఎక్కువ కావాలి, అట్ట వంగిపోతుంది.

పిల్లి తోక: 18 మిల్లీమీటర్ల ఆలస్యం, ఆఖరి 7లో కదలాలి. ఇరుసు నుంచి 10 మిల్లీమీటర్లలో రివెట్ పెడితే 40 డిగ్రీల పైచిలుకు ఊగుతుంది.

మోచెయ్యి కూడా వంచాలనిపిస్తే దానికి పట్టీతో సంబంధం అక్కర్లేదు. ముంజేతిని మోచేతి దగ్గర రివెట్ చేసి, మోచెయ్యి దాటాక దానికి 8 మిల్లీమీటర్ల కొన ఉంచండి. ఆ కొన నుంచి ఒక సన్న అట్టముక్కని అట్ట మీద స్థిరంగా ఉన్న ఒక బిందువుకి కట్టండి. భుజం తిరిగినప్పుడు మోచెయ్యి దానంతట అదే వంగుతుంది. ఆ బిందువు భుజం ఇరుసుకి పక్కన ఉండాలి గానీ సరిగ్గా భుజం ఇరుసే కాకూడదు. భుజానికే కడితే మూడు భుజాల గట్టి త్రికోణం అయిపోయి మోచెయ్యి అసలు వంగదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి పద్ధతి తప్పనుకుంటారు. బిందువుని 8, 10 మిల్లీమీటర్లు పక్కకి జరిపితే చాలు.

ఒక చిన్న చిక్కు ఉంది. పట్టీ తిన్నగా వెళ్తుంది, లీవరు కొస గుండ్రంగా తిరుగుతుంది. పైన చెప్పిన కళ్ళ లీవరులోనూ చేతిలోనూ ఆ తేడా దాదాపు 2 మిల్లీమీటర్లు. అందుకని పట్టీలో చిల్లు గానీ కిటికీ గానీ రివెట్ మందానికి పైన అడ్డంగా ఇంకో 2న్నర మిల్లీమీటర్లు వెడల్పు ఉండాలి. ఇది వదిలేస్తే పట్టీ సగంలో బిగుసుకుంటుంది, ఇంకాస్త గట్టిగా లాగితే లీవరు మడత పడుతుంది.

సామాను

ముందు అట్ట 250 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాముల బరువు) ఆర్ట్ కార్డు, వెనక అట్ట 200, లీవర్లకీ పట్టీకీ 300. లీవరు వెడల్పు 10 మిల్లీమీటర్లు, పట్టీ 20. ఇరుసు చిల్లు చుట్టూ కనీసం 4 మిల్లీమీటర్ల అట్ట మిగలాలి.

అట్ట గ్రెయిన్ చూసుకోండి. కాగితంలో నార ఒక దిక్కున పడి ఉంటుంది. లీవరు పొడుగు ఆ దిక్కున ఉండాలి. ఎలా తెలుస్తుందంటే, అదే అట్ట నుంచి సెంటీమీటరు వెడల్పు, పది సెంటీమీటర్ల పొడుగున్న ముక్కలు రెండు కోయండి, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. రెండిటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి కొస పట్టుకుంటే ఎక్కువ వాలేది అడ్డ గ్రెయిన్. దాంతో లీవరు కోస్తే తోసేటప్పుడు మడిచిపోతుంది. లాగేటప్పుడు బాగానే ఉండి తోసేటప్పుడు మొరాయించే బొమ్మల్లో చాలావాటికి జబ్బు ఇదే.

రివెట్‌కి 0.3 మిల్లీమీటర్ల రాగితీగ కావాలి. మోటారు వైండింగ్ షాపులో 30 గేజి అంటే ఇస్తారు. పైన వార్నిష్ ఉంటుంది, గీకకండి, అది ఉంటేనే మంచిది. మెగెన్‌డోర్ఫర్ పుస్తకాల్లో రివెట్ అంటే మేకు కాదు. తీగని బిగుతుగా చుట్టి చేసిన చిన్న బిళ్ళ ముందొకటి, వెనకొకటి, మధ్యలో తీగ అట్టల గుండా పోతుంది.

చెయ్యడం ఇలా: 12 సెంటీమీటర్ల తీగని మధ్యకి మడవండి, రెండు పేటలవుతుంది. గుండ్రటి ముక్కు పటకారుతో మడత వైపు నుంచి మూడు నాలుగు చుట్లు బల్లపరుపుగా, జిలేబీలా చుట్టండి. 4, 5 మిల్లీమీటర్ల బిళ్ళ వస్తుంది. మిగిలిన తోకని బిళ్ళకి నిలువుగా వంచి, సూదితో పొడిచిన చిల్లులోంచి అవతలికి తీయండి. ఇప్పుడు ముఖ్యమైన సంగతి: రెండో బిళ్ళ చుట్టే ముందు, తీగ పట్టేంత గాటు పెట్టిన విజిటింగ్ కార్డు ముక్కని అట్టకీ తీగకీ మధ్య దూర్చండి. దాని మీద చుట్టి, అదిమి, అప్పుడు ఆ ముక్క లాగేయండి. దాని మందమంత సందు మిగులుతుంది. ఆ సందే బొమ్మకి ఊపిరి. సందు లేకపోతే ఇరుసు బిగుస్తుంది. రెండు కార్డులంత సందు ఉంటే ఇంకో తిప్పలు: పుస్తకం నిలబెట్టి పట్టుకున్నప్పుడు చెయ్యి సొంత బరువుకి కిందికి జారి, కిటికీ ఇచ్చిన ఆలస్యం కాస్తా పోతుంది. చెయ్యి ఆగిన చోటే ఆగాలంటే ఇరుసులో కొంచెం రాపిడి ఉండాలి.

పట్టీతో కలిసే మూడు చోట్ల ఉత్త తీగ పెడితే వారం తిరక్కుండా అట్టని రంపంలా కోసేస్తుంది. అక్కడ తీగ చుట్టూ, చెవి శుభ్రం చేసుకునే పాత ఇయర్‌బడ్ ప్లాస్టిక్ గొట్టం నుంచి 1 మిల్లీమీటరు ముక్క కోసి తొడగండి. గొట్టం రెండున్నర మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. కళ్ళ లీవరుకి పట్టీలో 3 మిల్లీమీటర్ల పొడుగు, 5 వెడల్పు చిల్లు చాలు. చేతికి కిటికీ 13 పొడుగు, 5 వెడల్పు. తోకకి 21 పొడుగు, 5 వెడల్పు. కిటికీ వెడల్పులోంచి తీగ బిళ్ళ జారిపోతుంది కాబట్టి దాని కింద 10 మిల్లీమీటర్ల గుండ్రటి అట్ట వాషరు వేయండి.

తోలుబొమ్మల కీళ్ళలా దారం ముడితో కట్టవచ్చా అని అడుగుతారేమో. వేలాడే కీలుకి దారం చక్కగా పనిచేస్తుంది, తోలుబొమ్మని పుల్లతో ఆడిస్తారు గనక. ఇక్కడ లీవరు తోయాలి. దారం సాగుతుంది, ముడి పక్కకి వాలుతుంది, కదలిక సగం అందులోనే పోతుంది. స్టేషనరీలో దొరికే ఇత్తడి పేపర్ ఫాస్టెనర్లు కూడా వద్దు. రెక్కలు పెద్దవి, పక్క లీవరుకి తగులుకుంటాయి.

బొమ్మ గీసేటప్పుడే యంత్రం ఆలోచించాలి

మెగెన్‌డోర్ఫర్ బొమ్మల్ని శ్రద్ధగా చూస్తే చేతులు ఎప్పుడూ చొక్కా అంచు నుంచో కోటు మడత నుంచో మొదలవుతాయి. ముందు అట్టలో కోసిన చీలిక ఆ గీతలోనే దాక్కుంటుంది. మీ అమ్మమ్మకి చీలికని జాకెట్టు చేతి అంచు మీద పెట్టండి, అంచు గీత మందంగా గీయండి. చెయ్యి వెడల్పు 12 మిల్లీమీటర్లు, ఇరుసు చీలిక వెనక 5 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే 60 డిగ్రీలు తిరగడానికి చీలిక 20 మిల్లీమీటర్లు కావాలి. 14, 15 కోసి వదిలేస్తే చెయ్యి మొదట్లోనూ చివర్లోనూ అంచుకి ఒరుసుకుని రంగు లేచిపోతుంది. చీలిక రెండు కొసల్లోనూ సూదితో చిన్న చిల్లు పొడవండి, అప్పుడు చిరుగు ముందుకి పాకదు.

చెయ్యి తొలగినప్పుడు కింద ఏం కనిపిస్తుందో అదీ గీయాలి. ఇది మర్చిపోతే చెయ్యి లేచాక చీర మీద తెల్లటి చెయ్యి ఆకారం మిగులుతుంది. రంగు కూడా ముందు, వెనక ముక్కలకి ఒకే విడతలో కలిపి వేయండి.

కూర్చే వరస

ముందు ఉత్త అట్టతో నమూనా చేయండి. థర్మోకోల్ పలక మీద అట్టముక్కలు పరిచి ఇరుసుల చోట గుండుసూదులు గుచ్చండి. పట్టీ లాగి చూసి, సూది పీకి జరిపి, మళ్ళీ చూడండి. కదలిక నచ్చేదాకా బొమ్మకి రంగు వేయొద్దు. కాగితం మీద లెక్క ఎంత బాగున్నా రెండు మూడు మిల్లీమీటర్ల సవరింపు తప్పదు.

తర్వాత ముందు అట్టకి చిల్లులు, చీలికలు కోసి, చెయ్యిని చీలికలోంచి దూర్చి, ఇరుసులు బిగించండి. పట్టీ తిన్నగా నడవడానికి వెనకవైపు రెండు అట్ట వంతెనలు అడ్డంగా అంటించండి, పట్టీకి అటూ ఇటూ 1 మిల్లీమీటరు ఖాళీ ఉండాలి. వానాకాలంలో అట్ట తేమ పీల్చి ఉబ్బుతుంది, కోస్తా జిల్లాల్లో మరీను. ఆ మిల్లీమీటరు లేకపోతే ఎండాకాలంలో చేసిన బొమ్మ జులైలో కదలదు. పట్టీకి భుజాల్లా రెండు పక్కలా చిన్న కొమ్ములు ఉంచి, 25 మిల్లీమీటర్ల దగ్గర వంతెనకి తగిలి ఆగేలా చేయండి. ఆపే పని రివెట్లకి వదిలేయొద్దు.

పట్టీని కిటికీలతో సహా లీవర్లకి కలిపి, వాషర్లు వేసి, బిళ్ళలు చుట్టండి. కొవ్వొత్తిని పట్టీ రెండు వైపులా తేలిగ్గా ఒకసారి రుద్దండి. జిగురు పడే చోట రుద్దకండి, పట్టదు.

అన్నిటికన్నా ఎక్కువ బొమ్మలు చచ్చేది ఆఖరి అడుగులో, వెనక అట్ట అంటించేటప్పుడు. నాలుగు అంచులా, పట్టీ బయటికి వచ్చే చోటు వదిలి, 10 మిల్లీమీటర్ల అట్ట చట్రం రెండు వరసలు పెట్టండి. అది లేకపోతే లోపలి లీవర్లు నలిగిపోతాయి. ఫెవికాల్ చట్రం మీద మాత్రమే, బ్రష్‌తో పలచగా రాయండి. సీసా నుంచి నేరుగా పిండితే బరువు పెట్టగానే జిగురు లోపలికి పొంగి పట్టీని అంటించేస్తుంది. బరువు పెట్టాక పది నిమిషాలకోసారి పట్టీని ఒకసారి ఆడించండి, నాలుగైదు సార్లు చాలు. రాత్రంతా బరువు కింద ఉంచండి.

పట్టీ బయటికి వచ్చే చోట అంచు రెండు పొరలుగా ఉండాలి, పట్టీ చివర కూడా రెండు పొరలు, మధ్యలో పలచటి నూలుగుడ్డ ముక్క. పిల్లలు తిన్నగా లాగరు, పక్కకి లాగుతారు. పాత పుస్తకాల్లో ఎక్కువగా పోయేది పట్టీ కొసే. పాపం మెగెన్‌డోర్ఫర్‌కీ ఈ బాధ తెలుసు. ఈ బొమ్మలు నువ్వు చెప్పినట్టు ఆడతాయి గానీ కాగితమే కదా, జాగ్రత్తగా చూసుకో అని ఒక పుస్తకంలో పద్యంలోనే పిల్లల్ని బతిమాలుకున్నాడు.

500 కాపీల సంగతి

మీ ఒక్క బొమ్మలో రివెట్లు లెక్కపెట్టండి: కళ్ళకి 3, చేతికి 2, తోకకి 2, మొత్తం 7. ఇలాంటివి ఎనిమిది పేజీలంటే పుస్తకానికి 56. 500 పుస్తకాలకి 28,000 రివెట్లు. చేయి తిరిగినవాళ్ళకి ఒక్కోటి రెండు నిమిషాలు వేసుకున్నా 930 గంటల పైన, రోజుకి ఎనిమిది గంటల చొప్పున ఒక మనిషికి నాలుగు నెలల పని. ఇది తీగ చుట్టడానికి మాత్రమే, కోతా జిగురూ వేరు. ష్రైబర్ కాలంలోనూ ఈ పుస్తకాలు చేత్తోనే కూర్చారు. అప్పటి పుస్తకం విప్పి చూస్తే దాని వెనక ఎంతమంది వేళ్ళు పనిచేశాయో తెలుస్తుంది. బొమ్మలు అచ్చయ్యేది లితోగ్రఫీలో (రాతి పలక మీద గీసి అచ్చువేసే పద్ధతి), అచ్చులో యంత్రం సాయం ఉంది. కూర్పులో లేదు.

అందుకని అన్ని కాపీలకీ రివెట్ పద్ధతి పెట్టొద్దు. నా సలహా ఏమిటంటే, లీవర్ల బొమ్మ ఒక్కటే ఉంచండి, పుస్తకం పై అట్ట మీదో ఆఖరి పేజీలోనో. దానికి కూడా తీగ బదులు కాగితపు ఇరుసు వాడండి: లీవరుని ఆ చోట వెడల్పు చేసి గుండ్రటి చిల్లు, దానిలోంచి రెక్కలు మడిచి దూర్చే గుండ్రటి కాగితపు ముక్క, రెక్కలు అవతల విప్పితే లీవరు జారదు, ముక్క నడిమి భాగం అట్టకి అంటుతుంది. డై కటింగ్‌లో (ఆకారాలకి తగ్గ బ్లేడ్ల అచ్చుతో అట్టని ఒక్క అదుముతో కోయడం) అన్నీ ఒకేసారి తెగుతాయి, అంటించడమే పని. ఆలస్యం కిటికీని మాత్రం ఉంచండి, దానికి అదనంగా ఖర్చేమీ లేదు.

మిగిలిన పేజీలకి ఆయన ఇంకో పుస్తకం చూడండి: 1887లో ష్రైబర్ వేసిన 'ఇంటర్‌నాత్సియోనాలర్ త్సిర్కుస్', అంటే అంతర్జాతీయ సర్కస్. అందులో పట్టీలూ లీవర్లూ కాదు పని చేసేది. ఆరు భాగాలు మడతలుగా విప్పి అర్ధచంద్రాకారంలో నిలబెడితే సర్కస్ రింగు అవుతుంది. ఒక్కో భాగంలో ముందు పలకని కిందికి దించితే గుర్రాలు, విదూషకులు, ఆటగాళ్ళు పొరలు పొరలుగా లేచి నిలబడతారు, వెనక ప్రేక్షకులు. ఆటగాళ్ళూ చూసేవాళ్ళూ కలిపి 450కి పైగా మనుషుల్ని గీశాడు. ప్రతి ప్రేక్షకుడికీ ఒక ముఖం ఉంది. పిల్లలు ఆటగాళ్ళకన్నా ఎక్కువసేపు ఆ జనాన్నే చూస్తారు.

ఈ పొరల పద్ధతికి రివెట్లు అక్కర్లేదు. ఒక్కో పొరని వెనక గోడకీ కింద దిగే పలకకీ కలిపే అట్ట పట్టీలు చాలు. సూత్రం ఒక్కటే: వెనక గోడ నుంచి పొర ఎంత దూరంలో ఉందో, పైన దాన్ని గోడకి కలిపే పట్టీ కూడా సరిగ్గా అంతే పొడుగు ఉండాలి. పొర గోడకి 30 మిల్లీమీటర్ల ముందు నిలబడితే పట్టీ మడతకీ మడతకీ మధ్య 30. రెండు మిల్లీమీటర్లు తక్కువైతే పొర వెనక్కి వాలుతుంది, ఎక్కువైతే పలక మూసినప్పుడు ముడతపడి బయటికి పొడుచుకొస్తుంది. మూడు పొరలు పెట్టదలిస్తే 20, 40, 60 దూరాలు బాగుంటాయి, ముందు పొర అన్నిటికన్నా పొట్టిగా ఉండాలి. మీ అమ్మమ్మ వంటిల్లు దీనికి చక్కగా సరిపోతుంది: ముందు పొరలో పిల్లి, మధ్యలో పొయ్యీ అమ్మమ్మా, వెనక పొరలో దోసె కోసం పళ్ళేలు పట్టుకుని కూచున్న పిల్లలు.

బైండింగ్ వాళ్ళకి ఇచ్చే ముందు ఒక్క మాట చెప్పండి. ఇలాంటి పేజీ మందం మామూలు పేజీలా ఉండదు, మూసినప్పుడు రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. వీపు దగ్గర ప్రతి రెండు పేజీల మధ్యా అంతే మందం ఉన్న సన్న అట్ట ముక్క కలిపి కుట్టమనండి. అది లేకుండా కడితే పుస్తకం ముందు వైపు విసనకర్రలా తెరుచుకుని ఉంటుంది, పట్టీలన్నీ బయటికి తన్నుకొస్తాయి. కాబట్టి మొత్తం 500 వేయించకముందే ఒక పూర్తి కాపీ కట్టించి, దాన్ని నాలుగేళ్ళ పిల్లకి ఇచ్చి ఒక పూట వదిలేయండి. ఏ పట్టీ ఎక్కడ చిరిగిందో చూసి, అక్కడ గుడ్డ ముక్క వేసి, అప్పుడు డై చేయించండి.